ఫీతా ముద్ద ముట్టని రోజులు

బర్రిగూదా,
జూలై 24, సోమవారం.

ఇవొనేతీకి,

నీ అదెయిల్దో రాస్తున్నాడు. ఇక్కడ నేనూ, జుసారా, మీ అమ్మా క్షేమంగా ఉన్నాం. అక్కడ నువ్వూ, చిన్నవాడూ క్షేమమని తలుస్తున్నాను. ఉత్తరంలో ముందు ఈ మాట రాయాలి గనుక రాశాను. మొదటి సగం నిజమే. రెండో సగం నిజమో కాదో తెలియక నాలుగు రోజులుగా నా ప్రాణం నా దగ్గర లేదు. ఎందుకో తర్వాత చెబుతాను, మధ్యలో ఈ కాగితం నేనే చించి పారేయకపోతే. నా రాత కోడి గెలికినట్టు ఉంటుందని నీకు తెలుసు, కాస్త ఓపిగ్గా చదువు.

జుసారా నీ దీవెన అడుగుతోంది. రోజూ పొద్దున్నే నా దీవెన, అమ్మమ్మ దీవెన అయ్యాక నువ్వున్న రెసీఫీ ఆసుపత్రి వైపు తిరిగి నీ దీవెన కూడా అడుగుతుంది. "దేవుడు నిన్ను చల్లగా చూడాలి" అని నీ బదులు నేను అంటాను. "నీ గొంతుతో వద్దు, అమ్మ గొంతుతో చెప్పు" అంటుంది. గొంతు సన్నం చేసి చెబితే మీ అమ్మ నవ్వి నవ్వి దగ్గుతుంది.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు రాస్తాను. జుసారా పై పన్ను ఊడింది. ఇంటి కప్పు మీదికి విసిరితే పెంకుల మీద జారి మళ్ళీ కిందికే వచ్చింది. కొత్త పన్ను రాదేమోనని ఏడ్చి, రెండోసారి విసిరింది. ఇప్పుడు చిగురులో తెల్లగా కనిపిస్తోంది. చిక్కుళ్ళు బాగా కాశాయి గాని వాన వదలకుండా పడుతోంది, ఎండబెట్టడానికి చోటు లేదు. ఈ ఏడు జూలై చలి కూడా ఎక్కువే. పొద్దున్నే కొండ మీంచి మంచు దిగి వాకిట్లో కూర్చుంటోంది, పదింటి దాకా లేవదు. మీ అమ్మ మోకాలి నొప్పి అలాగే ఉంది. నోటికి మాత్రం ఏ నొప్పీ రాలేదు.

నాలుగోది పిండి. బస్సు డ్రైవరు చేత నేను పంపిన కర్రపెండలం పిండి నా చేతి వేపుడు కాదని, పలుకు ముతకగా ఉందని, అడుగంటిన వాసన వేసిందని రాశావు. "నిజం చెప్పు, నీకు ఒంట్లో బాగాలేదా" అని అడిగావు. నా ఒంటికేమీ కాలేదు. ఆ పిండి నాది కాదన్నది నిజం. దాని సంగతి కాసేపట్లో చెబుతాను. ముందు ఐదో ప్రశ్నకు జవాబు రాయనీ, ఎందుకంటే రెండూ ఒక దారిలోనే ఉన్నాయి.

ఫీతా ఏమైనా తిన్నదా అని అడిగావు.

నువ్వు దాన్ని చూసింది మూడు రోజులే. మే నెల మొదట్లో పిండి వేయించే మన పిండి ఇంట్లో పొయ్యి వెనక, మట్టిగోడ సందులో మద్రీన్యా పిల్లల్ని పెట్టింది గుర్తుందిగా. మీ నాన్న తెచ్చి వదిలిన విషం లేని పాము అది. పదకొండేళ్ళు మన బస్తాల దగ్గరికి ఎలుకను రానివ్వలేదు. పద్నాలుగు పిల్లలు పెడితే పదమూడు ఎటో పోయాయి, ఒకటి జుసారా చేతికి చుట్టుకుంది. నీ జడకు కట్టే ఫీతా అంత ఉందని దానికి ఆ పేరే పెట్టింది. ఆ మూడో రోజున నీకు నొప్పులు వచ్చాయి, నెలలు నిండకుండానే. అంబులెన్సు నిన్ను తీసుకుపోయింది. అందుకని జుసారా లెక్కలో ఫీతా, మన చిన్నవాడు అమారో ఒకే వారం పుట్టిన కవలలు. నేను కసిరాను. పాముకీ మనిషికీ కవలరికం ఏమిటన్నాను. కసిరిన నేనే తర్వాత అదే లెక్క వేయడం మొదలుపెట్టాను. నువ్వు "వాడు ఇంకా నోటితో తాగడం లేదు, ముక్కులో గొట్టమే" అని రాసినప్పుడల్లా నా కళ్ళు ఫీతా ఉన్న పెట్టె వైపు పోయేవి.

అది తినలేదు, ఇవొనేతీ. మే గడిచింది, జూన్ గడిచింది. మొదటి కుబుసం వదిలాక ఆకలేస్తుందని అందరూ అన్నారు. కుబుసం వదిలింది గాని ఆకలి రాలేదు. కళ్ళు తెరవని ఎలుక పిల్లల్ని పెట్టాం, వాటి మీదుగా పాకి అవతలికి పోయింది. చిన్న బల్లిని పెట్టాం. మీ అమ్మ పొదిగించిన కోడిపిల్ల నూగు తీసి ఎలుకకు రుద్ది పెట్టాం. దారం కట్టి కదిపాం. చీకటి కోసం పెట్టె మీద గోనె కప్పాం, చూస్తే సిగ్గుపడుతుందేమోనని. జుసారా పెట్టె బయట బోర్లా పడుకుని, "నువ్వు తిను, నేను అటు తిరుగుతాలే" అని దానికి చెప్పడం విన్నాను. అప్పుడు నేనూ అటు తిరిగాను.

నెలాఖరుకు దాని వెన్నెముక కత్తి అంచులా పైకి తేలింది. చర్మం మడతలు పడింది. చేతిలోకి తీసుకుంటే బరువే తెలియదు. జుసారా రోజూ దాని పొడవు నీ జడ ఫీతాతో కొలిచేది, పెరగడం లేదని గోడ మీద బొగ్గుతో ఒకే చోట గీతలు గీసేది. ఆ గోడ వైపు చూడకుండా దాటిపోయేవాణ్ణి. ఒకసారి బలవంతంగా పట్టబోయాను. కోడి ఈక గుడ్డుసొనలో ముంచి నోట్లో పెట్టాను. చిగురు చిట్లి రక్తం వచ్చింది. జుసారా నా చేయి పట్టుకుని లాగేసింది. ఆ తర్వాత వారం రోజులు నేను పిండి ఇంటి గుమ్మం తొక్కితే చాలు, పెట్టె మీద చేతులు పరిచి కూర్చునేది.

ఊళ్ళో జెర్సీనో పిండి మిల్లు దగ్గరికి కూడా తీసుకుపోయాను. మనకు దగ్గరలో వెలిగే పొయ్యి అదొక్కటే, అక్కడ ఎలుకలు పుష్కలం. సొరకాయ బుర్రలో ఫీతాను పెట్టుకుని వెళ్ళాను. జెర్సీనో నన్ను చూసి మిల్లు ఆపి మరీ వచ్చాడు.

"ఏంటి అదెయిల్దో, నీ పొయ్యి ఆర్పేసి నా పొయ్యి చూసిపోడానికి వచ్చావా? చూడు, చూడు. టిక్కెట్టేం లేదులే."

"రెండు రోజులు దీన్ని ఇక్కడ ఉంచనీ."

"పామునా? మీ బర్రిగూదా వాళ్ళు పాముల్ని పెంచుతారు, మేం పిల్లుల్ని పెంచుతాం. అందుకే మా పిండిలో పొలుసులు రావు."

నవ్వాడు గాని ఉంచనిచ్చాడు. పొయ్యి పక్కన బుర్ర పెట్టి నేను బస్తాలు మోస్తూ ఉన్నాను. ఒక గంట గడిచాక చూస్తే ఫీతా తల పైకెత్తి నాలుక ఆడిస్తోంది. రెండు నెలల్లో అది తల ఎత్తడం అదే మొదలు. నేను సంబరపడి జుసారాకు చెప్పాలనుకునేలోపు పిల్లి ఒకటి బుర్రను దొర్లించింది. పంజా గీత తోక దగ్గర పడింది. బతికిందే అదృష్టమని చొక్కాలో వేసుకుని ఇంటికి పరుగెత్తాను. అది తల ఎందుకు ఎత్తిందో ఆలోచించే బుర్ర ఆ పూట నాకు లేదు. అప్పుడే జెర్సీనో పిండి ఒక సంచీ కొని నీకు పంపాను. పలుకు ముతక అన్నావే, అది అదే.

ఇంతలో నీ ఉత్తరం వచ్చింది. వాడు కిలో నాలుగు వందలు అయ్యాడని, ఇప్పుడు అద్దాల పెట్టెలోంచి తీసి నీ ఒంటికే కట్టేస్తున్నారని రాశావు. చొక్కా లేకుండా నీ రొమ్ముల మధ్య, కప్పలా ముడుచుకుని, పగలంతా. నేను జుసారాకు పైకి చదివి వినిపిస్తున్నాను. నర్సు అన్న మాట అన్నట్టే రాశావు: "చల్లగా ఉన్న బిడ్డకి పాలు పట్టాలని చూడకమ్మా. ముందు ఒళ్ళు వెచ్చబడనీ. వెచ్చబడితే వాడే నోరు తెరుస్తాడు."

జుసారా ఆ వరస మీద వేలు పెట్టింది. "ఇది మళ్ళీ చదువు" అంది. చదివాను.

"నాన్నా, ఫీతా ఎప్పుడూ చల్లగానే ఉంటుంది."

"పాములు చల్లగానే ఉంటాయమ్మా."

"మద్రీన్యా ఉండేది కాదు. పొయ్యి గోడకి ఆనుకుని పడుకునేది. ముట్టుకుంటే అప్పుడే తీసిన రొట్టెలా ఉండేది. పొయ్యి ఆరిపోయాకే కదా అది వెళ్ళిపోయింది."

ఇరవై రెండేళ్ళుగా ఆ పొయ్యి ముందు నిలబడి పిండి వేయిస్తున్నవాణ్ణి. ఒక రోజు వేయిస్తే ఆ గోడ మూడు రోజులు వెచ్చగా ఉంటుందని నాకు తెలుసు. తడి చొక్కాలు ఆ గోడ మీదే ఆరేసేవాణ్ణి. తొమ్మిదేళ్ళ పిల్లకు తట్టింది నాకు తట్టలేదు. నాకు తట్టకూడదని నేనే అనుకున్నానేమో.

"పొయ్యి వెలిగించు నాన్నా" అంది.

"వీల్లేదు."

"ఎందుకు?"

"వీల్లేదన్నానుగా."

అది లేచి బయటికి పోయి, వానలోనే దొడ్లోంచి కట్టెలు ఒళ్ళో వేసుకుని వచ్చింది. పొయ్యి నోట్లో పేర్చడం మొదలుపెట్టింది. నేను కట్టెలు లాగి బయటికి విసిరాను. మళ్ళీ తెచ్చింది. అప్పుడు దాన్ని కొట్టాను, ఇవొనేతీ. చెంప మీద. నేను దాని మీద ఎన్నడూ చెయ్యి చేసుకోలేదని నీకు తెలుసు. అది ఏడవలేదు. "నీకు ఫీతా అంటే ఇష్టం లేదు. తమ్ముడన్నా ఇష్టం లేదు" అని పోయి అమ్మమ్మ మంచం కింద దూరింది. ఆ పూట అన్నం తినలేదు, నేనూ తినలేదు.

ఇక ఇప్పుడు చెప్పాలి. రాస్తూ రాస్తూ ఇక్కడిదాకా వచ్చి రెండుసార్లు లేచి నీళ్ళు తాగి వచ్చాను.

నిన్ను అంబులెన్సు ఎక్కించిన రోజు, బండి మలుపు తిరిగాక నేను పిండి ఇంట్లోకి పోయాను. పొయ్యి ఇంకా కణకణమంటోంది, పెనంలో పిండి మాడుతోంది. అక్కడే మోకాళ్ళ మీద పడి పునీతురాలు సాంత కితేరియాకు మొక్కుకున్నాను. అమ్మా, నాకున్నది ఇదొక్కటే విద్య, ఈ చుట్టుపక్కల నా అంత పిండి వేయించేవాడు లేడని అందరూ అంటారు, నేనూ అనుకుంటాను, అదే నీకు ఇచ్చేస్తున్నాను, వాడు నడిచి ఈ గుమ్మం దాటేదాకా ఈ పొయ్యి వెలిగించను అన్నాను. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నాకు నోరు ఆగలేదు. నేను మాట తప్పి పొయ్యి వెలిగిస్తే నువ్వు ఇచ్చింది నువ్వే తీసుకుపో అన్నాను. నిప్పుల మీద నీళ్ళు పోశాను. వెనక్కి తిరిగితే గుమ్మంలో మీ అమ్మ. ఆమె మొత్తం విన్నది. నెత్తిన గుడ్డ సరిచేసుకుని, "సరే, మొక్కావు కదా, ఇక నోరు మూసుకో" అంది.

అందుకే ఆ పిండి జెర్సీనోది. అందుకే మద్రీన్యా గోడ వదిలి పోయింది. అందుకే ఫీతా తినలేదు. నీకెందుకు చెప్పలేదంటే, ఆ ఆఖరి మాట నీకు తెలిస్తే నువ్వు వాడి ఊపిరి లెక్కపెడుతూ నా మాట కూడా లెక్కపెడతావని భయపడ్డాను.

జుసారాను కొట్టిన మర్నాడు మొక్కు తప్పకుండా పామును బతికించాలని ఒక తెలివితక్కువ పని చేశాను. నువ్వు వాణ్ణి కట్టుకున్నట్టే నేను ఫీతాను కట్టుకున్నాను. మీ అమ్మ పాత పావడా గుడ్డ చింపి, దాన్ని అందులో చుట్టి, చొక్కా లోపల పొట్టకు కట్టుకుని తిరిగాను. మూడు రోజులు. చిక్కుళ్ళు కోసినా, నీళ్ళు మోసినా నా మీదే. అది నిజంగానే వెచ్చబడింది, నా బొడ్డు పక్కన మెల్లగా కదిలేది. అది కదిలినప్పుడల్లా నీ కడుపు మీద చెయ్యి వేస్తే వాడు కదిలిన రోజులు గుర్తొచ్చేవి. కానీ మనిషి ఒంటి మీద అది తినదు. కింద పెడితే గంటలో మళ్ళీ రాయిలా చల్లబడేది. వేడినీళ్ళ సీసా పెట్టి చూశాను, అదీ అంతే. పెట్టెలోంచి వదిలితే తిన్నగా ఆ పొయ్యి గోడ సందు దగ్గరికే పోయి, ముక్కు ఆనించి, చల్లగోడ తగిలి వెనక్కి తిరిగేది. మూడో రోజు తిరగడానికి కూడా ఓపిక లేక అక్కడే పడి ఉంది.

మీ అమ్మ చిక్కుళ్ళు ఒలుస్తోంది. పక్కన కూర్చున్నాను.

"అత్తా, మొక్కు మార్చుకోవచ్చా?"

"మొక్కేమన్నా చొక్కానా, బిగుతైందని మార్చుకోడానికి."

"వేరేదేదైనా ఇస్తాను. చెప్పుల్లేకుండా ఫ్రెషెయిరాస్‌లో ఆ తల్లి గుడి దాకా నడిచి వెళ్తాను. పొగాకు మానేస్తాను."

"పొగాకు పోయినేడు కూడా మానేశావు."

"పిల్ల తట్టుకోలేదత్తా. పాము పోతే తమ్ముడూ పోయాడనుకుంటుంది."

"పాముకోసం నా మనవణ్ణి పందెం కాస్తావా నువ్వు?" అంది. కోపంగా అనలేదు. ఒలిచిన గింజల్ని తొక్కల కుప్పలో పడేయడం చూశాను. నాకంటే ఆమెకే ఎక్కువ భయం.

నేను పిండి ఇంట్లోకి పోయి ఆ చల్ల గోడకు వీపు ఆనించి కూర్చున్నాను. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు. నువ్వు కనబడ్డావు. చొక్కా విప్పుకుని, వాణ్ణి గుండెకు కట్టుకుని, పదిమంది తల్లుల మధ్య కుర్చీలో కదలకుండా. నీకున్న వేడి అంతా వాడికి ఇస్తున్నావు. నేను ఇక్కడ ఏం చేశాను? ఇంట్లో ఉన్న వేడినే తీసి మొక్కుగా ఇచ్చేశాను. ఆ రోజు మోకాళ్ళ మీద పడ్డప్పుడు నాకు గుర్తున్నది ఒక్క బిడ్డే. రెండోది ఇక్కడే ఉంది, చల్లగోడ మీద బొగ్గుగీతలు గీసుకుంటూ, అమ్మ లేకుండా, మొగుడూ పెళ్ళాం మనిద్దరం ఎవరి భయంలో వాళ్ళం ఉంటే తన భయం పాముకు చెప్పుకుంటూ. దాన్ని నేను కొట్టాను. ఇది తోచాక నాకు ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా ఏడ్చాను.

గురువారం మధ్యాహ్నం వాన కాస్త తెరిపి ఇచ్చింది. నేను కట్టెలు తేవడం మీ అమ్మ చూసింది. శాలువా కప్పుకుంది, జపమాల తీసుకుంది, గుమ్మంలో ఆగి, "నేను మీ పెద్దమ్మ జోవెలీనా ఇంటికి పోతున్నా. ఇక్కడేం జరిగిందో నేను చూళ్ళేదు. చూడందానికి నేను సాక్ష్యం చెప్పక్కర్లేదు" అంది. మోకాలి నొప్పితో ఆ బురదలో ఒక్కతే నడిచిపోయింది.

జుసారాను పిలిచాను. వారం నుంచి నాతో మాట్లాడటం లేదు, అయినా వచ్చింది. మూడు గంటలకు పుల్ల గీశాను. మొదటిది ఆరిపోయింది, రెండోదీ ఆరిపోయింది. మూడో పుల్ల గీస్తుంటే జుసారా నా మణికట్టు నిలకడగా పట్టుకుంది. అంటుకున్నాక నేను లోపల్లోపల చెప్పుకోలేదు, సాంత కితేరియాకు వినబడేలా గట్టిగానే చెప్పాను: "అమ్మా, ఆ రోజు నేను పిచ్చిమాట అన్నాను. ఇచ్చింది తీసుకుపోవద్దు. తీసుకుపోవాలనుంటే నేనున్నాను." జుసారా, "ఎవరితో మాట్లాడుతున్నావు?" అంది. "పొయ్యితో" అన్నాను. "పొయ్యికి చెవుల్లేవు నాన్నా" అని, రెండు చేతులూ నిప్పు ముందు పెట్టుకుని నవ్వింది. అది నవ్వి ఎన్నాళ్ళైందో.

దొడ్లో మిగిలిన కర్రపెండలం తురిమి, రసం పిండేసి, పెనం నింపి వేయించాను. చేతులు మర్చిపోలేదు. చీకటి పడకముందే మీ అమ్మ తిరిగొచ్చింది. వాసన పట్టుకుని నేరుగా లోపలికి వచ్చి, వేడి బెయిజూ రొట్టె ఒకటి తీసుకుని, నిలబడే తినేసింది. ఆమె కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నేను పొగ వల్ల అనుకున్నట్టు నటించాను.

ఫీతాను గోడ సందు దగ్గర వదిలాం. ఈసారి ముక్కు ఆనించి వెనక్కి తిరగలేదు. లోపలికి పోయింది. శుక్రవారం కూడా పొయ్యి వెలిగించాను. శనివారం పొద్దున ఎలుక పిల్లను సందు నోట్లో పెట్టి, నేనూ జుసారా నేల మీద బోర్లా పడుకున్నాం. ముందు నాలుక బయటికి వచ్చింది. తర్వాత తల. ఆ పైన ఏం జరిగిందో నాకు కనబడలేదు, అంత వేగంగా జరిగింది. మళ్ళీ చూసేసరికి ఎలుక చుట్టల్లో ఉంది. మింగడానికి చాలాసేపు పట్టింది. జుసారా ఊపిరి బిగబట్టి, నా చెవి పట్టుకుని ఉంది, ఇప్పటికీ నొప్పిగానే ఉంది. చివరి కాలు కూడా లోపలికి పోయాక, "మింగింది నాన్నా" అంది. లేచి గంతులేస్తుందనుకున్నాను. వేయలేదు. అలాగే పడుకుని, చాలా నమ్మకంగా, "అయితే తమ్ముడు కూడా తాగేస్తాడు" అంది.

నేను లేచి పొయ్యిలో ఇంకో కట్టె పెట్టాను.

అప్పటినుంచి నాకు తిండి సయించడం లేదు. పొయ్యి వెచ్చగా ఉంది, పాము తిన్నది, పిల్ల నవ్వింది, మీ అమ్మ రొట్టె తిన్నది, ఇంట్లో నేనొక్కణ్ణే చలిజ్వరం వచ్చినవాడిలా తిరుగుతున్నాను. ఆసుపత్రికి ఫోను చేద్దామని ఊళ్ళోకి రెండుసార్లు పోయి, ఫోను ముట్టుకోకుండానే వెనక్కి వచ్చాను. ఫోను ఎత్తే ఆవిడ "అలాగే ఉన్నాడు" అంటుంది. అది ఏ రోజుదో, ఏ గంటదో నాకెలా తెలుస్తుంది? మొక్కు నీకు చెప్పకుండా మొక్కాను, తప్పేటప్పుడు కూడా చెప్పకుండానే తప్పాను. వాడు నీకూ బిడ్డేనని అప్పుడు గుర్తు లేదు. నన్ను తిట్టు. తిట్టి, అడిగినదానికి మాత్రం జవాబు రాయి.

గురువారం, ఇరవయ్యో తేదీ, మూడు గంటలకు వాడు ఏం చేస్తున్నాడు? నీ ఒంటి మీదే ఉన్నాడా? ఊపిరి ఎలా ఉంది? ఆ తర్వాత రోజు? ఆ తర్వాత? "బాగున్నాడు" అని రాయొద్దు, గంట గంటకూ రాయి. మంచి వార్త అయితే పైనే జుసారా పేరు పెట్టి రాయి, అది చదువుకుంటుంది. మరో రకమైతే కవరు మీద నా ఒక్కడి పేరే రాయి. నేను పొలంలోకి తీసుకుపోయి చదువుతాను. పాముకూ వాడికీ మధ్య నేనేం చేశానో ఆ పిల్లకు ఎన్నటికీ తెలియకూడదు. ఫీతాను బతికించింది తానేనని, పొయ్యి సంగతి కనిపెట్టింది తానేనని అది ఎప్పటికీ అనుకోవాలి, అది నిజం కూడా.

వార్త ఏదైనా సరే, ఇవొనేతీ, ఇక ఈ పొయ్యి ఆర్పను. ఈ మాట మాత్రం ఎవరికీ మొక్కుకోలేదు, నీకే చెబుతున్నాను.

ఇట్లు,
పొయ్యి ముందు కూర్చుని నీ జవాబు కోసం దారి చూస్తున్న
నీ పెనిమిటి, అమారో తండ్రి, జుసారా తండ్రి,
అదెయిల్దో